నూలు ముట్టనన్న అన్న కోసం నందికొండకు

రాఖీ పున్నమి సెలవుకు నాగార్జునసాగర్ చూసొద్దామనుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది. హైదరాబాదులో టిఫిన్ తిని కారెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. మా కాలంలో అదంత సులువైన పని కాదు. అరవైల మొదట్లో, ఆనకట్ట ఇంకా సగమైనా లేవని రోజుల్లో, మా అవ్వా నేనూ చౌటుప్పల్ దగ్గరి మా ఊరి నుంచి నందికొండకు పోయాం. సాగర్‌ను అప్పుడు అట్లాగే అనేవాళ్లం. పోయింది డ్యాం చూడ్డానికి కాదు, మా అన్న మల్లేశం చేతికి రాఖీ కట్టడానికి. కట్టించుకుంటాడో, మొహం తిప్పుకుంటాడో తెలియకుండానే బయల్దేరాం.

ఎందుకట్లా అంటే కొంచెం వెనక్కి పోవాలి. మాది మగ్గం ఇల్లు. రాఖీ పున్నమిని మావాళ్లు నూలు పున్నమి అంటారు. ఆ రోజు మార్కండేయుడి గుళ్లో మగ్గం వేసి, పొద్దున మొదలుపెట్టిన బట్టను పొద్దుగూకేలోపు నేసి స్వామికి కప్పుతారు. ఊళ్లో మంచి చెయ్యి ఎవరిదని పెద్దలు అనుకుంటే వాళ్లే ఆ మగ్గం మీద కూర్చోవాలి. నాకు పదిహేనేళ్లున్నప్పుడు ఆ భాగ్యం మా అన్నకు వచ్చింది. బాపు అంటే మా నాన్న, ఆయన సంతోషం చూడాలి, పొద్దున్నుంచి గుడి చుట్టూ ఊరికే తిరుగుతూనే ఉన్నాడు! మధ్యాహ్నం దాటాక పడుగులో ఒక పోగు తెగింది. అన్న చూసుకోలేదు. నాలుగు వేళ్ల వెడల్పు నేసేశాడు. బాపు కంట పడింది. ఊరి పెద్దలందరి ముందు, "పోగు తప్పినవ్. నూలు ముట్టే చెయ్యి గాదు నీది" అన్నాడు. అంతే, ఆ రెండు మాటలే. అన్న మగ్గం దిగి, "ఇగ నూలు ముడితే ఒట్టు" అని గుడి మెట్లు దిగిపోయాడు. నేను పళ్లెంలో పెట్టుకున్న రాఖీ పళ్లెంలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత తెలిసిందొక్కటే, నందికొండలో డ్యాం పనికి కుదిరాడని. రెండేళ్లు వరసగా పున్నమికి ముందు కవరులో రాఖీ పెట్టి పోస్టు చేశాను. రెండుసార్లూ విప్పకుండానే వాపసు వచ్చింది. మూడో ఏడు నాకు దుఃఖం పోయి కోపం వచ్చింది. బాపు తల్లి, మా అవ్వ దగ్గరికి పోయి, "అవ్వా, ఈసారి నేనే పోత. కట్టించుకోనంటే గా మాట నా మొహమ్మీదనే చెప్పమంట" అన్నాను. అవ్వకు అప్పటికి డెబ్బై దగ్గర పడ్డాయి. "నువ్వొక్కదానివి పోతవానే పిచ్చిపోరి? నేనొస్త. వాని చెవు మెలిపెట్టక మూడేండ్లాయె" అంది.

బయల్దేరే రోజు తెల్లవారుజామునే అమ్మ పోలెలు, అదే బొబ్బట్లు, చేసి డబ్బాలో పెట్టింది. బాపు మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే ఉన్నాడు. మేమెక్కడికి పోతున్నామో ఆయనకు తెలుసు, తెలియనట్టే ఉన్నాడు. నా రాఖీ నేనే చేసుకున్నాను, పసుపూ ఎరుపూ అద్దిన సన్నటి నూలు. గడప దాటబోతుంటే మగ్గం చప్పుడు ఆగింది. "గది సన్నగున్నది. తెగుతది" అని, బాపు పక్కనున్న గూట్లోంచి బారెడు తెల్లదారం తీసి నా వైపు విసిరాడు. మళ్లీ మగ్గం ఆడింది. నేను దాన్ని కొంగున ముడేసుకున్నాను.

చౌటుప్పల్ సడకు మీదికి ఆరింటికి వచ్చే నల్లగొండ బస్సు పట్టుకున్నాం. ఆ రోజు బస్సంతా ఆడవాళ్లే. చంకన పిల్లలు, చేతుల్లో డబ్బాలు, పుట్టింటి మొహాలు. కండక్టరు, "అవ్వా, జర జరుగు" అంటే, "ఇంకేడికి జరగాలె కొడుకా, కిటికీలకెల్లి దుంకాల్నా?" అంది అవ్వ. బస్సంతా నవ్వింది. చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా ఎనిమిదిన్నరకు నల్లగొండ చేరాం. ఊరి మీదికి ఒరిగినట్టుండే ఆ రెండు బోడి గుట్టల కింద, బస్టాండులో కూర్చుని తెచ్చుకున్న సర్వపిండి తిన్నాం. నందికొండ బస్సు తొమ్మిదిన్నరకు. రెండు బస్సులకూ కలిపి మనిషికి రెండున్నర రూపాయలు దాటలేదని గుర్తు.

హాలియా చేరేసరికి పదకొండు. ఇవాళ ఆ దారిలో పోయేవాళ్లకు రెండు పక్కలా వరి తప్ప ఇంకేమీ కనబడదు. అప్పుడు ఆముదపు చేలు, అక్కడక్కడా జొన్న, మిగతాదంతా రాళ్లు. కాలువ లేదు, నీళ్లు లేవు. ఆ రోజు మాత్రం ముందు రోజు పడ్డ వానకు వాగు వచ్చింది. బస్సు వాగు గడ్డన ఆగిపోయింది. ఎప్పుడు కదులుతుందంటే డ్రైవరు ఆకాశం వైపు చూపించాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. పొద్దుగూకితే పున్నమి పోతుంది, ఇంకో ఏడాది ఆగాలి.

అప్పుడొచ్చింది సిమెంటు బస్తాల లారీ. అవ్వ సడకుకు అడ్డంగా నిలబడి చెయ్యెత్తింది. డ్రైవరు నడివయసు మనిషి, నల్లగొండ ముసల్మాను, దిగి వచ్చి సంగతి విని, "ఎక్కండి అమ్మా. కిరాయొద్దు, దువా ఇవ్వండి చాలు" అన్నాడు. లారీ వాగులో దిగితే నీళ్లు చక్రాలు ముంచాయి. నేను కళ్లు మూసుకున్నాను, అవ్వ మాత్రం తెరుచుకునే కూర్చుంది. గట్టెక్కాక డ్రైవరు, "మీ మనుమడు ఏం పని జేస్తడు?" అని అడిగాడు. అవ్వ పేరు చెప్పింది. "పేరుతోని ఏం ఫాయిదా అవ్వా? ఆడ వేలమంది ఉన్నరు. పని చెప్పు, దొరుకుతడు" అన్నాడు. అవ్వ కాసేపు ఆలోచించి, "ఏం పని జెయ్యడో చెప్తా. నూలు ముట్టడు" అంది. పాపం, అతనికేమర్థమవుతుంది? ఊరికే తలూపాడు.

ఒంటిగంట కావస్తుండగా చివరి గుట్ట మలుపు తిరిగాం. లారీ ఆపి, "చూడండి" అన్నాడతను. చూశాను. ఇన్నేళ్లయినా ఆ చూపు నా కళ్లల్లోంచి పోలేదు. రెండు కొండల నడుమ మరో కొండను మనుషులు చేతులతో కడుతున్నారు. కింద ఎర్రటి కృష్ణ ఒడ్లు ఒరుసుకుంటూ ఉరుకుతోంది. పైన ఎక్కడ చూసినా కట్టెల నిచ్చెనలు, వాటి మీద బారులు తీరిన మనుషులు. నెత్తిన తట్టలతో ఆడవాళ్లు, భుజాన బొంగులకు రాయి వేలాడదీసుకుని మగవాళ్లు. యంత్రాలున్నాయి కానీ, మనుషుల ముందు అవి లెక్కలోకి రావు. ఉలి చప్పుడు, కేకలు, నీటి హోరు అన్నీ కలిసి నేల కిందినుంచి వస్తున్నట్టుంది. పొద్దున్నుంచీ మూతపడని అవ్వ నోరు మూతపడింది. రెండు చేతులూ జోడించింది. "దేవుడు గిన కడితే గిట్లనే కడ్తడు బిడ్డా" అంది చాలాసేపటికి.

ఇంత మందిలో అన్నను ఎట్లా పట్టుకోవాలి? కూలీల గుడిసెల దగ్గర ఒకామె రొట్టెలు కాల్చి అమ్ముతోంది. ఆమెను అడిగాం. మల్లేశం అంటే, "ఏ మల్లేశం? గీడ పదిమంది మల్లేశాలున్నరు" అంది. మగ్గం ఇంటి పిల్లవాడు, మూడేళ్ల కింద వచ్చాడు అని చెప్పాను. ఆమె రొట్టె తిప్పడం ఆపి, "దారం మల్లేశా?" అంది.

అవ్వ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "గాయినకు గా పేరెట్లొచ్చింది?" అని అడిగాను. "పొద్దున లేస్తే దారమే గద వాని పని! రాళ్ల వరస వంకర పోకుండ ఈ మూల నుంచి ఆ మూలకు దారం గుంజి కట్టాలె. దాని పొంటి రాళ్లు పెడ్తరు. దారం పోగంత జరిగినా వానికి కంటితోనే తెలుస్తది. అందుకే మేస్త్రి వేరేటోళ్లను ముట్టనియ్యడు" అని ఆమె పైకి చెయ్యి చూపింది. నూలు ముట్టనని ఒట్టేసి పోయినవాడి పేరే దారమా! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తర్వాత కోపం కూడా వచ్చింది. లోకం దారమంతా ముట్టుకుంటాడు కానీ చెల్లె పంపిన దారానికి మాత్రం ఒట్టు అడ్డమొచ్చిందన్నమాట.

కాపలా మనిషి ఆపితే, "నా మనుమనికి బువ్వ" అని అవ్వ డబ్బా ఎత్తి చూపించింది. వదిలేశాడు. నిచ్చెన బాటలెక్కి గోడ మీదికి చేరాం. అది గోడ కాదు, రెండు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పున్న బాట. మధ్యాహ్నం భోజనాల వేళ కాబట్టి అక్కడ ఎవరూ లేరు. అప్పుడు చూశాను దారాన్ని. గోడ అంచు పొడుగునా, ఒక మేకు నుంచి ఇంకో మేకుకు, గాలికి సన్నగా మోగుతూ కట్టి ఉంది. మొత్తం కొండంత కట్టడం ఆ తెల్ల గీతను నమ్ముకుని నిలబడి ఉంది. ఒళ్లు జలదరించింది నాకు. దాని వెంట చూపు సాగదీసుకుంటూ పోయాను. నడుమ ఒకచోట ఆ దారం తెగి, రెండు కొసలూ గాలికి ఆడుతున్నాయి.

"అవ్వా, తెగింది!" అన్నాను. గుళ్లో ఆ రోజు తెగిన పోగే ఇద్దరికీ కళ్లముందుకొచ్చింది. మళ్లీ చూసుకోలేదు, మళ్లీ అందరి ముందూ మాట పడతాడు. "జల్ది అతుకు! ఎవలన్న జూస్తే వాణ్ని తిడ్తరు" అంది అవ్వ. రెండు కొసలూ అందలేదు, జానెడు తక్కువ పడింది. కొంగు ముడి విప్పి బాపు ఇచ్చిన దారం తీశాను. మగ్గం ఇళ్లలో తెగిన పోగును ముడి వెయ్యం, ముడి తగులుకుంటుంది. కొసల పురి విప్పి, ఒకదానిలో ఒకటి కలిపి, మళ్లీ పురి ఎక్కిస్తాం. దాన్నే అతుకు అంటాం. కాకపోతే బాపుది ఎడమచేతి వాటం. ఆయన పేనిన దారానికి పురి ఎదురు తిరిగి ఉంటుంది, మామూలు దారంతో కలిపితే ఊడిపోతుంది. ఆ రెంటినీ నిలిచేట్టు అతకడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. తొడ మీద పెట్టి పేని, రెండు వైపులా అతికాను. దారం మళ్లీ బిగిసింది. అన్నను కాపాడాననుకున్నాను.

తిండి తిని వచ్చినవాళ్లు దారం నిండుగా ఉండడం చూసి పనిలో దిగారు. సిమెంటు మాలు పరిచి, దారం పొంటి రాళ్లు పెట్టుకుంటూ పోయారు. ఐదు పెద్ద రాళ్లు పెట్టాక కింది నుంచి కేక వినబడింది. మేస్త్రిని వెంటబెట్టుకుని అన్న ఉరుక్కుంటూ వస్తున్నాడు. నల్లబడ్డాడు, చిక్కాడు, గడ్డం పెరిగింది. "ఆపుండ్రి! ఎవలు పెట్టమన్నరు? కింది వరస బయటికొచ్చిందని నేనే కోసిన గదా దారం! మేస్త్రికి చూపెట్టి, గా వరస తీపిస్తనని! ఎవలు అతికిండ్రు?" అని అరిచాడు.

అది తెగిన దారం కాదు. కావాలని కోసిన దారం. 'ఇక్కడ తప్పుంది, ఆగండి' అని అక్కడి పనివాళ్లకు అది గుర్తు. నేను ఆ గుర్తునే చెరిపేశాను! తట్టలు మోసే ఆడవాళ్ల వెనక్కి పోయి నిలబడ్డాను. అన్న దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నడుస్తూ వచ్చాడు. అతుకు దగ్గర ఆగాడు. ముడి తగల్లేదు. వేళ్లు వెనక్కి పోయాయి, మళ్లీ ముందుకొచ్చాయి. దారాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుని పురి ఎటు తిరిగిందో చూశాడు. చూస్తూ చూస్తూ మొహం మారిపోయింది.

తలెత్తి చుట్టూ వెతుకుతూ, "బాపు వచ్చిండా?" అన్నాడు.

మూడేళ్ల తర్వాత ఇంటి గురించి అతని నోట మేము విన్న మొదటి మాట అది. అవ్వ ముందుకు పోయి, "రాలె బిడ్డా. దారం పంపిండు" అంది. ముందుగా అనుకున్నట్టే చెవు పట్టుకుంది కానీ, మెలిపెట్టలేదు. పట్టుకుని ఏడ్చింది.

మేస్త్రి కోపంగానే ఉన్నాడు, న్యాయమే. మాలు గట్టిపడకముందే ఆ ఐదు రాళ్లూ తియ్యాలి. అన్న గడ్డపార తీసుకుని మొదటి రాయి తనే కదిలించాడు. పని ముగిశాక మేస్త్రి నా వైపు చూసి, "చెల్లెనా? ఇంకోపాలి గీడ ఏం ముట్టకు తల్లీ. అతుకు మాత్రం మస్తుగున్నది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తలవంచుకున్నాను.

గోడ చివర బండ మీద ముగ్గురం కూర్చున్నాం. పళ్లెం లేదు, డబ్బా మూతలోనే కుంకుమ, నా రాఖీ పెట్టాను. అన్న చెయ్యి చాపలేదు. మోకాళ్ల మీద పెట్టుకుని నది వైపు చూస్తున్నాడు. "ఒట్టు పెట్టుకున్న చెల్లె" అన్నాడు. నాకు మండింది. "పొద్దంత దారం పట్టుకుంటున్నవ్, నా దారానికే ఒట్టా? రెండు కవర్లు వాపసు పంపినవ్, విప్పనన్న విప్పలే. నేనేం జేసిన నిన్ను?"

అన్న మెల్లగా, "గీడికొచ్చిన మొదటి దినమే మేస్త్రి దారమే చేతికిచ్చిండే. వద్దందామనుకున్న, చెయ్యి దానంతటదే పోయింది. ఒట్టు గాడనే పోయింది. గని నువ్వు పంపింది విప్పుతే ఇంటికి ఉరికొస్తనని భయమైంది. వచ్చినంక బాపు మళ్ల గా మాటే అంటే? ఇంకోపాలి పడలేను" అన్నాడు. అతని కళ్లల్లో నీళ్లు చూసి నా కోపమంతా దిగిపోయింది. అన్న అట్లా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు లేచి పోయి, దారంలోంచి నేను అతికిన ముక్కను కోసుకొచ్చాడు. మాలు అంటి అక్కడక్కడా బూడిద రంగైంది. "నీది కట్టు. దాని మీదికెల్లి గిది కట్టు" అని చెయ్యి చాపాడు. ఆ చేతిని గుర్తుపట్టలేకపోయాను. మగ్గం మీద మెత్తగా ఉండే వేళ్లు బండబారి, గోళ్లు పగిలి ఉన్నాయి. నా రాఖీ కట్టాను. బాపు దారాన్ని మాత్రం ముడి వెయ్యలేదు, కొసలు కలిపి మణికట్టు మీదే అతికాను. అవ్వ పోలె తుంచి ఇద్దరి నోట్లోనూ పెట్టింది. పొద్దు ఇంకా గుట్ట మీదే ఉంది.

మర్నాడు పొద్దున బస్సుకే తిరిగి వచ్చాం. బాపు ఏమీ అడగలేదు. నేనే మగ్గం పక్కన కూర్చుని, కోసిన దారం సంగతి, దారం మల్లేశు సంగతి చెప్పాను. ఆయన పడుగు మధ్య అటూ ఇటూ ఆడించే నాడె చేతిలో పట్టుకుని అట్లాగే విన్నాడు. మరుసటి ఏడు నూలు పున్నమి వచ్చేదాకా ఆ మాట ఎత్తలేదు. ఆ పున్నమికి మాత్రం గుళ్లో మగ్గం దగ్గరికి పోకుండా, ఉతికిన ధోతి కట్టుకుని, మాకంటే ముందు సడకు మీద నిలబడ్డాడు.

గోడ అప్పటికి ఇంకా పైకి లేచింది. బాపు అన్నతో మాట్లాడలేదు. నేరుగా గోడ అంచుకు పోయి, వంగి, మగ్గం మీద పడుగు చూసినట్టు ఒక కన్ను మూసి రాళ్ల వరస పొడుగునా చూశాడు. ఈ కొండ నుంచి ఆ కొండ వైపు చూశాడు. ఆయన నడుం ఎత్తి, తువ్వాలతో మొహం తుడుచుకుని, అన్న చెయ్యి తన ఎడమచేత్తో పట్టుకున్నాడు. "పోగు తప్పలే" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. గేట్లు ఎత్తినప్పుడు జనమంతా నీళ్లు చూస్తారు, ఫొటోలు దిగుతారు. నేను రాళ్ల వరసలు చూస్తాను. దారం పని అయిపోగానే విప్పేస్తారు కాబట్టి దాని జాడ ఎక్కడా ఉండదు. అంత పెద్ద గోడను నిలువుగా నిలబెట్టింది బారెడు బారెడు నూలు పోగులేనని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. హాలియా పొలాల్లో వరి ఊగుతుంటే కూడా అదే గుర్తొస్తుంది. అన్న పోయి చాలా ఏళ్లయింది. మణికట్టు మీద కట్టేందుకు ఇప్పుడు నాకెవరూ లేరు, అయినా రాఖీ పున్నమి నాడు నేను ఇంట్లో ఉండలేను.

మీరు ఆ రోజే బయల్దేరేట్టయితే తెల్లవారుజాము బస్సు పట్టుకోండి, ఎనిమిది దాటితే నిలబడ్డానికి కూడా జాగా దొరకదు. ఇంకొకటి, సంచిలో బారెడు దారం ఎక్కువ పెట్టుకోండి. రాఖీ ఇంట్లోనే మరిచిపోయి, కళ్ల నీళ్లు పెట్టుకునే ఆమె ఆ బస్సులో ప్రతి ఏడూ ఒకరు ఉంటారు. నా దారం ఇప్పుడు వాళ్లకే ఇస్తున్నాను.